గంగమ్మ కోడికి వేలూరు రోస్టు

అత్తవారింటికి పోయిన కొత్త అల్లుడు ఏదో ఒక అప్రదిష్ట మూటగట్టుకుని రావడం మామూలే. ఒకడు వాచీ కోసం అలుగుతాడు. ఇంకొకడు బావమరిది సైకిలెక్కి కాలవలో పడతాడు. అవన్నీ చిల్లర తప్పులు. నేనలాంటి వాటికి దిగలేదు. ఏకంగా గ్రామదేవత నోటి దగ్గరి కూడు లాగి, కిరసనాయిలు డబ్బాలో పెట్టి కాల్చాను. మీ వంశంలో ఇంతకంటే ఘనుడెవడైనా ఉంటే చెప్పండి, వచ్చి దండం పెట్టి పోతాను.

డెబ్బైల చివరి మాట ఇది. అప్పట్లో నా ఆస్తి ఒక మీసం, ఒక టెర్లిన్ చొక్కా, లోకంలో నాకు తెలియనిది లేదన్న నమ్మకం. తిరుచానూరులో ఒక లాడ్జీకి మేనేజరుని. మేనేజరంటే మీరేదో ఊహించుకోకండి. వచ్చిన యాత్రికులకు తాళంచెవి ఇవ్వడం, బకెట్ లేదన్నవాళ్ళకు బకెట్ ఇవ్వడం, బకెట్ ఓటిదన్నవాళ్ళకు నచ్చజెప్పడం, అంతే ఉద్యోగం. పెళ్ళయి ఏడాదైంది. మా ఆవిడ దేవకిది పూతలపట్టు దగ్గర పల్లె. మామ చెంగల్రాయుడు చెరకూ చెనిక్కాయలూ పండించే రైతు. అత్త మునెమ్మ నాటుకోడి పులుసు పెడితే ఆ వాసనకు పూతలపట్టు కూడలిలో బస్సులు ఆగిపోతాయని మామ అంటుండేవాడు. అక్కడ బస్సులు ఎలాగూ ఆగుతాయనుకోండి, అది వేరే సంగతి.

అత్త పాతకాలం మనిషి. అల్లుడితో నేరుగా మాట్లాడదు. నేను ఎదురుగా పీట మీద కూర్చుని ఉన్నా తలుపు వెనక నిలబడి కూతురికి చెప్పినట్టు చెబుతుంది.

“ఒసే దేవకీ, మీ ఆయన ఇంకో గంటె పులుసు పోయమంటాడేమో అడుగు.”

నేనూ గోడకు చెప్పినట్టు, “చాలని చెప్పు” అనేవాణ్ణి. ఏడాదిగా మా అత్తాఅల్లుళ్ళ సంభాషణ మొత్తం ఇలా పోస్టులో నడిచేది.

ఇలా చల్లగా సాగుతున్న సంసారంలోకి వేలూరు వచ్చి పడింది. లాడ్జీకి దుప్పట్లు కొనుక్కురమ్మని యజమాని నన్ను వేలూరు పంపాడు. దుప్పట్ల షావుకారు బేరం కుదిరిన సంతోషంలో నన్ను ఒక హోటల్‌కి తీసుకుపోయి రోస్టు తెప్పించాడు. చూద్దును కదా, పింగాణీ పళ్ళెంలో నిండు కోడి! ముక్కల్లేవు, పులుసు లేదు. బంగారు రంగులో నిగనిగలాడుతూ వెల్లకిలా పడుకుని, రెండు కాళ్ళూ పైకెత్తి, ఒక్కో కాలికీ తెల్లకాగితం కుచ్చు తొడుక్కుని ఉంది. వేలు పెడితే మాంసం జారి వచ్చేసింది. పైన తోలు కరకర, లోపల వెన్న. ఆ ఒక్క పూటతో నాకు జ్ఞానోదయమైపోయింది. మా చిత్తూరు జిల్లా జనం తరతరాలుగా కోడిని నరికి నీళ్ళల్లో ముంచుతున్నారు, పాపం, అజ్ఞానులు అనిపించింది.

“ఎట్ల చేస్తారబ్బా దీన్ని?” అని సర్వర్ని అడిగాను.

“వెన్న పూసి పెట్టెలో పెడతారు సార్. గంటలో అయిపోతుంది.”

అంతే నా పాకశాస్త్ర విద్యాభ్యాసం. గురువు పేరు కూడా అడగలేదు.

ఆ నెలలోనే మామ ఊళ్ళో గంగమ్మ జాతర. వారం ముందే రమ్మని కబురొచ్చింది, దిగాము. మొదటిరోజు రాత్రే సంగటి, నాటుకోడి పులుసు. సంగటి ముద్ద నడుమ గుంట చేసి, అందులో పులుసు పోసి, పక్కన నంజుకునేందుకు ఊరిబిండి పచ్చడి పెట్టారు. బుద్ధి ఉన్నవాడు నోరు మూసుకుని తింటాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు గాని, బిచ్చగాడి సంగతి నాకు తెలియదు, కొత్త అల్లుడు మాత్రం ఖచ్చితంగా ఎరగడు.

“మామా, కోడిని ఇట్ల ముక్కలు చేసి ముంచేది పాతకాలం పద్ధతి. వేలూరులో రోస్టని చేస్తారు. అది తింటే మళ్ళీ పులుసు మొహం సూడవు.”

మామ ముద్ద మింగి, “రోస్టంటే ఏంది అల్లుడా, కాల్చేదే గదా? అడివిలో ఎరుకలోళ్ళు కాల్చుకుంటారు. దానికి వేలూరు దాకా ఎందుకు?” అన్నాడు.

“ఆ కాల్చేది వేరే. ఇది వెన్నతో చేసేది.”

తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది. “ఒసే దేవకీ, నాటుకోడి నీళ్ళల్లో మునిగితేనే కూరవుతుందని మీ ఆయనకు చెప్పు. మునగకుంటే చెప్పవుతుందని చెప్పు.”

ఆ మాటకు మామ నవ్వాడు. దేవకి కూడా నవ్వింది. కట్టుకున్న పెళ్ళాం నవ్వితే మగవాడికి ఎక్కడ కాలుతుందో మీకు తెలుసు.

“అట్లయితే పందెం!” అన్నాను. “రేపు నేనే రోస్టు చేస్తా. బాగలేదంటే జాతర దినం వచ్చే చుట్టాలందరికీ సంగటి నేనే గెలుకుతా. బాగుంటే మాత్రం అత్త ఈ తలుపు ఇవతలికొచ్చి, ‘అల్లుడా, నీ రోస్టు ముందర నా పులుసు ఎందుకూ పనికిరాదు’ అని నాతోనే, నా మొహం సూసి చెప్పాల.”

తలుపు వెనక నుంచి “సరేనని చెప్పు” అని వినిపించింది.

మరుసటిరోజు జాతర సామాన్లకని ముగ్గురూ చిత్తూరు బయలుదేరారు. దేవకి ఉంటానంది. నేనే వద్దన్నాను. రోస్టు రహస్యం బయటపడకూడదు కదా.

“కోడిని పట్టుకునేది వస్తుందా నీకు?” అంది వెళ్తూ.

“లాడ్జీలో బాడుగ ఎగ్గొట్టి పారిపోయేవాళ్ళనే పట్టుకున్నా. కోడి ఒక లెక్కా?”

మామ చెప్పులేసుకుంటూ, “దొడ్లో కావల్సినన్ని ఉండాయి. ఏ కోడినైనా పట్టుకో అల్లుడా, మన ఇల్లే గదా” అన్నాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత నన్ను తిడతారు. ఆ దొడ్లో ఒక పుంజు ఉండేది. దాన్ని అత్త మా పెళ్ళయిన వారానికే గంగమ్మకు మొక్కుకుని, కాలికి పసుపుగుడ్డ కట్టి, ఏడాదిగా పెంచుతోంది. ఆ జాతరకు దాన్ని అమ్మవారికి ఇవ్వాలి. పసుపుగుడ్డ కోడిని ఎవరూ తరమరు, అదిలించరు. ఎవరింట్లోకి దూరినా గింజలు వేసి పంపిస్తారు. ‘ఏ కోడినైనా’ అంటే ఆ కోడి తప్ప అని ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు. నాకు తెలియదు. తిరుపతిలో మా ఇంట్లో మొక్కుకోడిని జాతరనాడు పొద్దున బజార్లో కొని, పదింటికల్లా మొక్కు తీర్చేసేవాళ్ళం. ఏడాదిపాటు దేవుడి కోడిని మేపే ఓపిక పట్నంలో ఎవరికుంది?

దొడ్లోకి దిగి “బా, బా, బా” అన్నాను. కోళ్ళన్నీ నా మొహం చూసి చెరకు తోటలోకి పరుగెత్తాయి. ఒక్కటి మాత్రం పరుగెత్తలేదు. ఎర్రటి పుంజు, మోకాలెత్తుంది, సింహంలా ఉంది. నింపాదిగా నడిచివచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడి, గింజలేవీ అన్నట్టు చూసింది. ఏడాదిగా అందరిచేతా మర్యాదలే అందుకున్న ప్రాణి, మనిషంటే భయపడడం దానికి తెలియదు. దాని కాలికి చూస్తే పసుపుగుడ్డ!

నా ఆనందం ఏమని చెప్పను? వేలూరు రోస్టుకు కాలికి కాగితం కుచ్చు. ఈ కోడికి పుట్టుకతోనే కాలికి గుడ్డ! రోస్టవడానికే పుట్టిన కోడి అనుకున్నాను. గుడ్డ పాడవకుండా విప్పి, ఉతికి, దండెం మీద ఆరేశాను కూడా. చూశారా, అప్పటికే నాకు పనితనం ఎంత ఉందో.

కోయడం గురించి మాత్రం అడగకండి. దానికీ నాకూ ఇద్దరికీ అదే మొదటిసారి.

తర్వాత వంట. సర్వర్ చెప్పిన పెట్టె పల్లెలో ఎక్కడుంటుంది? వసారాలో ఖాళీ కిరసనాయిలు డబ్బా కనిపించింది. బూడిదతో తోమాను, చింతపండుతో తోమాను, వాసన చూస్తే ఇంకా దీపం వెలిగించుకోవచ్చు. పర్వాలేదు, మసాలా ముందర ఆ వాసన ఎంత అనుకున్నాను. ఉట్టి మీద అత్త జాతర నెయ్యికని దాచిన వెన్నకుండ దించి, కుండకు కుండ కోడికి పట్టించాను. మిరియాలు, అల్లం, ఉప్పు దట్టించాను. వేలూరులో కోడి కడుపులో ఏదో కూరి ఉన్న గుర్తు. ఇంట్లో వెతికితే బొరుగులు కనిపించాయి, కూరేశాను. డబ్బాలో పెట్టి కింద నిప్పులు, మూత మీద నిప్పులు పోశాను. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని వెనకటికి ఒక ముసలమ్మ విర్రవీగిందట. ఆమెకు ఉట్టి కుంపటే, నాకు రెండంతస్తుల కుంపటి.

గంటయింది. గుచ్చి చూస్తే పుల్ల విరిగింది.

ఇంకో గంట. కత్తి దిగలేదు.

ఎందుకు దిగుతుంది? వేలూరు కోడి ఫారం కోడి. దాని జీవితంలో అది చేసిన ప్రయాణం గంపలోంచి పళ్ళెం దాకానే. ఇది ఏడాదిపాటు ఊరంతా పెత్తనం చేసి, ప్రతి గడపా ఎక్కిదిగి, పహిల్వాన్ తొడలు సంపాదించిన పుంజు. పైగా వెన్న కారి నిప్పులో పడి, పొగ లేచి, డబ్బా వాసన మొత్తం కోడిలోకి దిగింది. బొరుగులు లోపల ముద్దయి వెనకదారిన బయటికి తొంగిచూస్తున్నాయి. రంగు మాత్రం భేషుగ్గా వచ్చింది. అందం ఉంటే చాలు, గుణం పెళ్ళయ్యాక వస్తుందని మనవాళ్ళు అంటుంటారు కదా, అలా సరిపెట్టుకున్నాను.

సాయంత్రం ముగ్గురూ బస్సు దిగి వచ్చారు. దారిలో కలిసిన గంగమ్మ గుడి పూజారిని కూడా మామ వెంటబెట్టుకొచ్చాడు. జాతర పనులు మాట్లాడుకోవాలట. నాకు ఇంకా ఉత్సాహమొచ్చింది. సాక్షి కూడా దొరికాడు! అరిటాకు పరిచి, దాని మీద రోస్టును వెల్లకిలా పడుకోబెట్టి, పైన గంప బోర్లించాను. చివరగా నా కళాఖండానికి కిరీటం పెట్టాను. ఆరిన పసుపుగుడ్డ తెచ్చి, పైకి లేచిన కాలికి ముచ్చటగా కుచ్చులా కట్టాను.

“అందరూ రండి! అత్తను కూడా తలుపు ఇవతలికి రమ్మను” అని కేకేసి గంప ఎత్తాను.

రోస్టు చూసి అందరికీ మాట పడిపోయిందనుకున్నాను. నిజమే, పడిపోయింది.

మొదట దేవకి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పూజారి రెండు చెంపలూ వాయించుకున్నాడు. తలుపు వెనక ఏదో దబ్బున పడింది. చిత్తూరు నుంచి తెచ్చిన టెంకాయల మూట అని తర్వాత తెలిసింది.

“అల్లుడా...” అన్నాడు మామ, బావిలోంచి వచ్చిన గొంతుతో. “ఇది... గంగమ్మ కోడి గదప్పా.”

“ఏ గంగమ్మ? పక్కింటామెదా? అయితే ఇంకో కోడి ఇచ్చేద్దాంలే.”

“గుళ్ళో ఉండే గంగమ్మ!”

నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ క్షణంలో నాకు నిజంగా ఏడుపొచ్చింది. కాళ్ళ దగ్గరికొచ్చి నిలబడి నమ్మకంగా చూసిన ఆ కోడి చూపు గుర్తొచ్చింది. ఆ వెంటనే నాలుక బయటపెట్టుకుని చూసే గంగమ్మ చూపు కూడా గుర్తొచ్చింది. ఏడుపు ఆగిపోయి వణుకు మొదలైంది.

“నువ్వే గదా మామా, ఏ కోడినైనా పట్టుకోమన్నావు!”

“ఊర్లో ఏ ఇంట్లోనైనా పడుకోమంటే గర్భగుళ్ళో పోయి పడుకుంటావా? కాలికి పసుపుగుడ్డ ఉండాది సూడలేదా?”

“సూసినా మామా. అది సూసే గదా పట్టుకున్నా.”

ఆ మాటతో ఇంట్లో నా తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేకుండా పోయారు.

పూజారి పెద్దమనిషి. కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. “అమ్మోరి సొత్తు పారేయకూడదు. ఇంగొకరు తినకూడదు. ఎవరు చేసినారో వాళ్ళే తినాల. మిగల్చకూడదు. మళ్ళీ జాతరకు ఇట్లాంటి పుంజును తన చేత్తోనే మేపి తెచ్చి ఇయ్యాల. అప్పుడు గాని తల్లి శాంతించదు.”

అలా నేను కూర్చున్నాను. ఎదురుగా నిండు రోస్టు. సర్వర్ చెప్పినట్టే వెన్నతో చేసింది. తొడ కొరికితే తొడే నన్ను వెనక్కి లాగింది. సైకిల్ టైరును ఎప్పుడైనా కిరసనాయిల్లో నానబెట్టి, మిరియాలు చల్లుకుని తిన్నారా? తినకపోతే మీకు వివరించడం కష్టం. ఆ పూట అత్త వేరే కోడిని కోసి పులుసు పెట్టింది. నా పక్కనే అందరూ సంగటి గుంటల్లో పులుసు పోసుకుని, జుర్రుకుంటూ, వేళ్ళు నాకుతూ తిన్నారు. ఆ వాసనకు పూతలపట్టులో బస్సులు ఆగాయో లేదో తెలియదు గాని, నా గుండె మాత్రం ఆగినంత పనయింది.

“ఒసే దేవకీ,” అంది తలుపు వెనక గొంతు, “మీ ఆయనకు పులుసు మొహం సూడాలని ఉండాదేమో అడుగు.”

దేవకి అడగలేదు. నా మొహం చూస్తే అడగక్కర్లేదు. నా రోస్టు మరునాటి మధ్యాహ్నానికి గాని పూర్తి కాలేదు. రెండు దవడలూ మూడు రోజులు పనిచేయలేదు.

పందెం మాట మాటే. జాతరనాడు మామ చుట్టాలందరి ముందూ నడుముకు తుండు బిగించి, పెద్ద అండాలో సంగటి గెలికాను. రాగిపిండి అడుగంటకుండా, ఉండ కట్టకుండా కట్టెతో తిప్పడం కంటే చెరకు గానుగకు ఎద్దులా తిరగడం సుఖం. చుట్టాలంతా వచ్చి, “ఈయనేనా, అమ్మోరి కోడి తిన్న అల్లుడు?” అని నన్ను చూసిపోయారు. ఆ ఏడు జాతరలో నాకు గంగమ్మతో సమానంగా దర్శనాలు జరిగాయి.

తర్వాత శిక్షలో రెండో భాగం. ఒక పుంజుపిల్లకు కాలికి పసుపుగుడ్డ కట్టి, గంపలో పెట్టి, తిరుచానూరు బస్సెక్కాము. మేముండేది లాడ్జీ వెనక రెండు గదుల్లో. అది పెద్దదై కూత నేర్చాక అర్ధరాత్రి, అపరాత్రి అని లేకుండా తనకు తోచినప్పుడల్లా కూసేది. “ఏమయ్యా మేనేజరూ, రూముకు గంటలు కొట్టే గడియారం కూడా ఉచితమా?” అని యాత్రికులు అడిగేవాళ్ళు. యజమాని అయితే, “ఆ కోడన్నా పోవాల, నువ్వన్నా పోవాల” అనేవాడు. కోడి అమ్మవారిది కాబట్టి ఎవరూ దాన్ని పొమ్మనలేరు. నేనే జీతం తగ్గించుకుని ఉండిపోయాను. దానికి పొద్దున నానబెట్టిన రాగులు, సాయంత్రం చెనిక్కాయ పలుకులు. నేను డ్యూటీ నుంచి వస్తే ఎదురొచ్చి ప్యాంటు పట్టుకుని లాగేది. మొదట శనిలా భావించాను. చెబితే నవ్వుతారు గాని, పోనుపోను అది కనిపించకపోతే నాకు అన్నం దిగేది కాదు.

“ఇంతకీ మీ అమ్మ ఏమని మొక్కుకుందే?” అని దేవకిని ఎన్నోసార్లు అడిగాను.

“మొక్కు తీరేదాకా చెప్పగూడదు.”

నా ప్రమోషన్ గురించే అయి ఉంటుందని గట్టిగా నమ్మాను. అత్త ఎంత మంచిదో, మనసులో ఎంత ప్రేమో అని కళ్ళు తుడుచుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మళ్ళీ జాతర వచ్చింది. నిగనిగలాడే పుంజును చంకన పెట్టుకుని గుడి ముందు నిలబడ్డాను. డప్పులు మోగుతున్నాయి. కోడి నా చంకలో ముక్కు దాచుకుంది. దీన్నెలా ఇచ్చేది తల్లీ అని లోపల కుమిలిపోతూ, ఆ బాధ బయటపడకుండా ఏదో ఒకటి మాట్లాడాలని నోరు తెరిచాను. నా నోటికి ఇవ్వకూడనిది అదొక్కటే, అవకాశం.

“పూజారీ, ప్రసాదంగా తొడ భాగం మనకిస్తారు గదా. పోయినేడు డబ్బా మందం చాలలేదు, అదీ తప్పు. ఈసారి ప్రెషర్ కుక్కర్లో ఇసక పోసి రోస్టు...”

డప్పులు ఆగాయి. పూజారి కత్తి దించి అత్త వైపు తిరిగాడు. “మునెమ్మా, మొక్కు తీరిందా? కోడి ఇచ్చేదేనా?”

అప్పుడు జరిగిందొక వింత. అత్త ఆడవాళ్ళ గుంపులోంచి బయటికొచ్చింది. నా ముందు నిలబడింది. పెళ్ళయిన రెండేళ్ళకు మొదటిసారి నా మొహం చూసి, నాతోనే మాట్లాడింది.

“‘మా అల్లుడికి రవ్వంత బుద్ధి ఇయ్యి తల్లీ, పుంజునిస్తా’ అని మొక్కుకున్నా నాయనా. పోయినేడు కోడిని ముందుగానే ఇస్తే అమ్మోరికి మొగమాటమైనా ఉంటుందనుకున్నా. ఇప్పుడు కాదులే. పని సూసినాకే కూలి. కోడిని ఎనక్కి తీసుకపో. ఇంకో ఏడు మేపు.”

నేను తల దించుకుని బస్సెక్కాను. అవమానంతో తల దించుకున్నానని అందరూ అనుకున్నారు. కోడిని గట్టిగా పట్టుకుని ఎవరూ చూడకుండా నవ్వుకుంటున్నాను.

తర్వాత ప్రతి జాతరకూ ఆ పుంజు నాతో వచ్చింది. ప్రతి ఏడూ అత్త నన్ను ఒక్క రెండు మాటలు మాట్లాడించి, చెవులు రిక్కించి విని, “ఇంకో ఏడు” అని తిప్పి పంపింది. చివరకు ఆ కోడి తిరుచానూరులో నా మంచం కింద, కంటిచూపు మందగించి, పండు ముసలిదై, కంటినిండా నిద్రపోతూ పోయింది. గంగమ్మకు మొక్కుకున్న కోళ్ళలో వృద్ధాప్యంతో పోయిన కోడి అదొక్కటే అయి ఉంటుంది. దాని ఆయుష్షు నా బుద్ధి మీద ఆధారపడి ఉండడమే దాని అదృష్టం.

కనుక పాఠక మహాశయులారా, గంగమ్మ సాక్షిగా, మా అత్త పులుసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కాలికి గుడ్డ కట్టి ఉన్న ఏ ప్రాణినీ ఈ జన్మలో పొయ్యి ఛాయలకు తీసుకుపోను. ఆమధ్య అత్త కాలు బెణికి పసుపు పట్టు వేసి గుడ్డ కట్టుకుంటే, ఆమె లేచి తిరిగేదాకా వంటింట్లోకి నన్ను రానివ్వొద్దని ఊరంతా చెప్పింది. నేనూ పోలేదు. ఎందుకైనా మంచిదని వెన్నకుండ కూడా అత్త తన మంచం కిందే పెట్టుకుంది.